చూద్దాంగారి మూడోసారి

ఆయన అసలు పేరు జీతాల జాబితాలో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన చూద్దాంగారు. నీటి సరఫరా కార్యాలయం కింది అంతస్తులో, ఎడమచేతివైపు రెండో కిటికీ వెనక, ఇరవయ్యారేళ్ళుగా ఫిర్యాదుల గుమాస్తా. కుళాయి రావడం లేదన్నా, వీధిలో గొట్టం పగిలిందన్నా, నీళ్ళు ఎర్రగా వస్తున్నాయన్నా, ఆయన తలెత్తి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఎంతో ఆప్యాయంగా "చూద్దాం" అనేవాడు. విన్నవాళ్ళకు ఎక్కడలేని ధైర్యం వచ్చేది. వీధి మలుపు తిరిగాకగానీ ఉత్త చేతులతో పోతున్నామని తెలిసేది కాదు.

ఇది బద్ధకం అనుకుంటే పొరపాటు. ఇదొక పద్ధతి. మొదటిసారి వచ్చినవాళ్ళు చెప్పింది ఊరికే వింటాడు. రెండోసారి వస్తే చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తాడు. మూడోసారి వస్తేనే కలం మూత తీసి ఎర్ర అట్ట రిజిస్టరులోకి ఎక్కిస్తాడు. "పదిమందిలో ఆరుగురు రెండోసారి రారండీ. అంటే ఏమిటన్నమాట? వాళ్ళ గొట్టం దానంతటదే బాగుపడిపోయింది" అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేవాడు. ఆ ఆరుగురూ విసుగెత్తి సొంతంగా పనివాణ్ణి పిలిపించుకున్నారేమో, పక్కింట్లో నీళ్ళు అడుక్కుంటున్నారేమో, అసలు ఇల్లే ఖాళీ చేశారేమో అన్న అనుమానం ఆయనకు ఒక్కనాడూ రాలేదు. పైగా రిజిస్టరులో ఫిర్యాదులు తక్కువున్నందుకు పై అధికారులు ప్రశంసాపత్రాలు ఇచ్చేవారు. అవి ఏడు, ముందుగది గోడకు వరసగా వేలాడుతున్నాయి. ఎనిమిదో దానికి మేకు ముందే కొట్టి ఉంచాడు.

ఇంట్లోనూ ఇదే వరస. వంటింటి కప్పు కారుతోందని భార్య చెబితే చూద్దామన్నాడు. ఆవిడ కింద గిన్నె పెట్టుకుంది. పెరటి తలుపు గడియ ఊడిందంటే చూద్దామన్నాడు. ఆవిడ తాడు కట్టుకుంది. ఈయనకు చెప్పుకోవడం కంటే గిన్నెతోనూ తాడుతోనూ గడుపుకోవడమే తేలికని ఆవిడకు కాపురానికొచ్చిన మూడో ఏటికే తెలిసిపోయింది.

పెద్ద గుమాస్తా ఉద్యోగ విరమణ రోజున కార్యాలయంలో విందు చేశారు. ఆ పొద్దున్నే వీధి చివర ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడ కిటికీ దగ్గరికి మొదటిసారి వచ్చింది. ఆమె కుళాయిలో వారం రోజులుగా చుక్క లేదు. చూద్దాంగారు విన్నాడు, చూద్దామన్నాడు, విందుకు వెళ్ళాడు. నూనెలో వేగినవన్నీ రెండేసిసార్లు వడ్డించుకుని తిన్నాడు. గంట తిరక్కుండా కుడి పక్కటెముకల కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు మొదలైంది. పొట్టలోంచి వీపుకు, వీపునుంచి కుడి భుజం వెనక్కి పాకింది. వాంతి అయింది. ఎలా కూర్చున్నా, ఎలా పడుకున్నా సుఖం లేదు. సహోద్యోగులు ఆటోలో ఇంటికి పంపారు.

భార్య ఏమీ అడక్కుండా బీరువా అడుగునుంచి వేడినీళ్ళ సంచి తీసి, సరిగ్గా నొప్పి ఉన్నచోటే పెట్టింది. ఆ సంచి మీది గుడ్డ తొడుగు వాడి వాడి వెలిసిపోయి ఉంది.

"ఇదెప్పుడు కొన్నావు?" అన్నాడు మూలుగుతూనే.

"ఉంది లెండి. భుజం వెనక్కి లాగుతోందా?"

"నీకెలా తెలుసు?"

"ఊరికే అడిగాను."

రెండు గంటలకు నొప్పి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. చూద్దాంగారికి ప్రాణం లేచివచ్చింది. "చూశావా? దానంతటదే పోయింది" అన్నాడు, గెలిచినవాడిలా.

కార్యాలయంలో వైద్యులకు కొదవలేదు. అది గ్యాసేనని కొత్త పెద్ద గుమాస్తా తేల్చేశాడు. టైపిస్టు తమ బాబాయికి కిడ్నీలో రాయి ఉంటే రోజూ బిందెడు నీళ్ళు తాగి పోగొట్టుకున్న కథ చెప్పాడు. గ్యాసైతే ఏమిటి, రాయైతే ఏమిటి, నొప్పి నొప్పే కదా అని అందరూ తలలూపారు. చూద్దాంగారు నాలుగు రోజులు చెంబుల కొద్దీ నీళ్ళు తాగి, పని గంటల్లో సగం మరుగుదొడ్డి దారిలోనే గడిపాడు. ఆ నాలుగు రోజులూ కిటికీ దగ్గర ఫిర్యాదులు మరీ తగ్గాయి.

మూడు వారాలకు, ఒక ఆదివారం భోజనమయ్యాక, మళ్ళీ వచ్చింది. ఈసారి నాలుగు గంటలు ఉంది. తగ్గాక ఆయన నిజంగానే చిన్న పుస్తకం తీసి, తారీఖు వేసి, పెన్సిల్‌తో రాసుకున్నాడు. భార్య ఆ పుస్తకం వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూసింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పింది.

"రేపు ఆస్పత్రికి వెళ్తున్నాం. మీరు చూద్దాం అన్నారంటే గోడమీది కాగితాలన్నీ పొయ్యిలో పెడతాను."

స్కానింగ్ తీశారు. డాక్టరమ్మ ఆ బొమ్మ మీద కలంతో ఒకచోట చూపించింది.

"కాలేయం కింద చిన్న సంచి ఉంటుందండీ, పిత్తాశయం అంటాం. కాలేయం తయారుచేసే పైత్యరసం అందులో నిలవ ఉంటుంది. మీరు కొవ్వు పదార్థం తినగానే సంచి ముడుచుకుని, అరగడానికి ఆ రసాన్ని పేగులోకి పంపుతుంది. మీకు ఆ రసం గట్టిపడి రాళ్ళయింది. సంచి ముడుచుకున్నప్పుడు ఒక రాయి మూతి దగ్గర అడ్డం పడుతోంది. అదీ మీ నొప్పి."

"దానంతటదే తగ్గిపోతోంది కదండీ?"

"రాయి పక్కకు జరిగితే తగ్గుతుంది. జరిగిందంటే పోయిందని కాదు."

"నీళ్ళు బాగా తాగితే?"

"అది కిడ్నీ సంగతి. ఆ దారి వేరు, ఈ దారి వేరు."

"పోనీ, కరగడానికి మాత్రలు?"

"కొన్ని రకాలు, అవీ చిన్నవైతే, నెలలూ ఏళ్ళూ మింగితే కరగొచ్చు. మానేస్తే మళ్ళీ పుడతాయి. మీవి ఆ రకం కాదు. సంచి ఉన్నంతకాలం రాళ్ళు తయారవుతూనే ఉంటాయి, అందుకని సంచే తీసేస్తాం. పొట్టమీద మూడు నాలుగు చిన్న గాట్లు పెట్టి, కెమెరాతో చూస్తూ చేస్తాం. సాధారణంగా మర్నాడు ఇంటికి వెళ్ళిపోతారు. అది లేకపోయినా మనిషికి లోటు రాదు, రసం నేరుగా పేగులోకే వెళ్తుంది."

"రాళ్ళున్న ప్రతివాళ్ళకీ ఇలాగే కోసేస్తారా?" అని లాయరులా అడిగాడు.

"లేదు. చాలామందికి రాళ్ళుంటాయి, బతికినంతకాలం వాళ్ళకే తెలియదు. వాళ్ళ జోలికి మేం పోం. మీవి ఊరుకోవడం లేదు, రెండుసార్లు చెప్పాయి."

ఇన్ని మాటల్లో చూద్దాంగారి చెవికెక్కింది ఒక్కటే. రెండుసార్లు. ఆయన తన పద్ధతిని డాక్టరమ్మకు ఓపికగా వివరించాడు. మూడోసారి వస్తే అప్పుడు తప్పకుండా చేయించుకుంటానని మాట కూడా ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"జ్వరం, చలి, కళ్ళు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, గంటలు గడిచినా నొప్పి తగ్గకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ క్షణమే రావాలి. మూడోసారి ఎలా వస్తుందో మీ చేతిలోనూ లేదు, నా చేతిలోనూ లేదు."

భార్య కుర్చీ అంచున కూర్చుని, తనకే చెబుతున్నట్టు ప్రతి మాటా విన్నది. ఆయన మాత్రం లేచి, చొక్కా సర్దుకుని, "చూద్దామండీ" అన్నాడు.

ఆ మర్నాడు ఇస్త్రీ కొట్టావిడ రెండోసారి వచ్చింది. ఆమెనూ పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆమె పేరు, ఆయన నొప్పి ఒకే పేజీలో పడ్డాయి.

మూడోసారి ఇద్దరికీ ఒకే రోజున వచ్చింది. ఆ రోజు పదకొండు గంటలకు కిటికీ ముందు పన్నెండుమంది నిలబడి ఉన్నారు. చూద్దాంగారికి పొద్దుటినుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. పక్కటెముకల కింద పిడికిలి తిరిగి వచ్చింది. బయట ఎండ మండిపోతున్నా ఆయన పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వరసలో ముందు ఇస్త్రీ కొట్టావిడే ఉంది.

"బాబూ, ఇది మూడోసారి. రోజూ నాలుగు వీధులవతల నుంచి నీళ్ళు మోసుకొస్తున్నాను. ఈసారైనా రాసుకో."

పద్ధతి పద్ధతే. ఆయన కలం మూత తీసి, ఎర్ర అట్ట తెరిచాడు. తారీఖు వేయబోతే గీత కాగితం దాటి బల్ల మీదికి పోయింది. ఇస్త్రీ కొట్టావిడ కిటికీలోంచి వంగి చూసింది.

"కళ్ళేంటి బాబూ, అంత పచ్చగా ఉన్నాయి?"

"ఏం లేదమ్మా, చూ..."

మాట పూర్తికాలేదు. తల రిజిస్టరు మీద వాలిపోయింది. లోపలివాళ్ళు డాక్టర్ని పిలవాలా, పై అధికారికి చెప్పాలా, ముందు ఏదైనా కాగితం రాయాలా అని చర్చించుకుంటుండగా, వరసలోని పన్నెండుమందీ లోపలికి దూసుకొచ్చి ఆయన్ని ఎత్తారు. ఆటో ఇస్త్రీ కొట్టావిడ ఆపింది. వీళ్ళెవరూ పద్ధతి తెలిసినవాళ్ళు కారు కాబట్టి పది నిమిషాల్లో ఆస్పత్రికి చేర్చారు.

రాయి సంచి దాటి, కిందున్న గొట్టంలోకి జారి అక్కడ అడ్డం పడింది. పైత్యరసం వెనక్కి తన్ని ఒళ్ళంతా పచ్చబడింది. దారంతా చీము పట్టింది. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదని డాక్టరమ్మ భార్యతో ఉన్నమాట చెప్పింది. నోటిద్వారా సన్నటి గొట్టం పంపి ముందు ఆ రాయి లాగేశారు. జ్వరం దిగేదాకా నరంలోకి మందులు ఎక్కించారు. ఆ తరువాత సంచి తీశారు. మర్నాడు పోవలసినవాడు పన్నెండు రోజులు పడుకున్నాడు.

పదకొండో రోజు కొత్త పెద్ద గుమాస్తా చూడవచ్చాడు. చేతిలో అద్దం కట్టించిన ఎనిమిదో ప్రశంసాపత్రం. కిటికీ మూసి ఉన్న పదకొండు రోజుల్లో ఒక్క ఫిర్యాదు కూడా నమోదు కాలేదట. కార్యాలయం చరిత్రలోనే ఇది మొదటిసారి అని పై అధికారులు పొంగిపోయారట. ఎప్పుడూ లేనిది చూద్దాంగారికి సిగ్గేసింది.

"ఇస్త్రీ కొట్టావిడది నమోదు చేశారా?" అన్నాడు.

"మీ కిటికీ కదండీ. మీరొచ్చాక చూద్దురుగానీ" అన్నాడు పెద్ద గుమాస్తా, ఎంతో గౌరవంగా.

ఆయన వెళ్ళాక డాక్టరమ్మ వచ్చింది. తినవలసినవీ మానవలసినవీ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. భార్య గోడకు ఆనుకుని, కుడి పక్కటెముకల కింద అరచేయి గట్టిగా అదిమిపెట్టి నిలబడి ఉంది.

"మీకు ఎన్నాళ్ళుగా ఉందమ్మా?"

"నాలుగేళ్ళయింది" అంది ఆవిడ. "నూనె మానేశాక కొంచెం నయం. వేడినీళ్ళ సంచి పెట్టుకుంటాను."

చూద్దాంగారు మంచం మీద లేచి కూర్చున్నాడు. "నాలుగేళ్ళా? మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పానండీ. ఆరో కాగితానికి మేకు కొడుతున్నప్పుడు ఒకసారి. ఏడోదానికి కొడుతున్నప్పుడు ఒకసారి. మొన్న ఎనిమిదో మేకు కొట్టేటప్పుడు ఒకసారి. మీరు నన్ను సుత్తి అందించమన్నారు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఆయన్ని చంపేసింది. ఇరవయ్యారేళ్ళలో మూడుసార్లు వచ్చినవాళ్ళెవరినీ ఆయన ఉత్త చేతులతో పంపలేదు, ఒక్క ఈవిడను తప్ప. ఇస్త్రీ కొట్టావిడకు కలం మూతైనా తీశాడు, ఈవిడకు కనీసం పెన్సిల్ గీత కూడా దక్కలేదు.

"స్కానింగ్ తీయించండి. కింద కిటికీలో పేరు రాయించుకుంటే పిలుస్తారు" అని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

భార్య చేయి చాచేలోగా ఆ చీటీ ఆయన లాక్కున్నాడు. వద్దన్నా వినలేదు. ఆస్పత్రి చొక్కాతోనే, పొట్టమీది కుట్లు లాగుతుంటే గోడ పట్టుకుని, మెట్లు దిగాడు. వెనక ఆవిడ "ఏమండీ, పడిపోతారు" అంటూ వస్తోంది. కిటికీ వెనకున్న కుర్రవాడు చీటీ అందుకుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆప్యాయంగా నవ్వాడు.

"మొదటిసారి వచ్చారా? ఇవాళ్టికి అయిపోయాయండీ. రేపు రండి, చూద్దాం."

చూద్దాంగారు కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మొదటిసారి కాదు బాబూ" అన్నాడు. "ఆవిడ చెప్పడం ఇది నాలుగోసారి. రాసుకో."