గడప తొక్కని చుట్టం

మా మనవరాలికి అమ్మవారు పోసింది. అమ్మవారు పోస్తే మా ఇంట్లో కట్టుబాట్లు గట్టివి. పక్కలో వేపమండలు ఉండాలి, కూరకు తాలింపు పెట్టకూడదు, పై మనిషి గడప తొక్కకూడదు. వీటికి కాపలా మా పెద్ద తోడికోడలు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుందంటే ఆవిడను దాటి ఈగ కూడా రాదు. నాకు చిన్నప్పుడే పోసింది కాబట్టి పిల్ల దగ్గర నేనుండేదాన్ని.

పొక్కులకన్నా దానికి బెంగ ఎక్కువైంది. పక్క వీధిలోని స్నేహితురాలు రావడానికి లేదు. ఏమీ తోచక గోక్కునేది. మొహాన మచ్చలు పడిపోతాయని నా పాత చీర చింపి రెండు చేతులకూ గుడ్డలు చుట్టాను. నా మీద అలిగి గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల చేతులు కట్టేయడం నాకు మాత్రం బాగుంటుందా?

దానికి చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ ఒకటుంది. అందులో దానికో ఊరు, ఒక తోట ఉన్నాయట.

"మామ్మా, దీన్ని మన వైఫైకి కలిపితే నా ఫ్రెండు ఆళ్ళింట్లోంచే నా ఊరొస్తాది," అంది.

"అయితే కలుపు."

"సేతులు కట్టేసి కలపమంటావేటి?"

నిజమే. నేనే కూర్చున్నాను. నాకు అక్షరాలు వచ్చిందే యాభై దాటాక. ఇంగ్లీషువైతే ఈ పిల్ల ఎల్‌కేజీ పుస్తకంలో, దాని పక్కన కూర్చుని దిద్దుకున్నవే. అది పాస్‌వర్డు ఒక్కో అక్షరమే చెబుతుంటే, తెర మీద వెతుక్కుంటూ నొక్కాను. అంతా అయ్యాక మిషన్ తప్పని చూపించింది.

"అన్నీ పెద్దక్షరాలే కొట్టేసినావు మామ్మా. మొదటిదొక్కటే పెద్దది."

"ముందే సెప్పడానికేటి? నోటికి కూడా గుడ్డ సుట్టానా?"

నవ్వింది. మంచమెక్కాక అదే మొదటి నవ్వు.

ఈసారి కలిసింది. కాసేపటికి టోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ ఒకటి దాని ఊరి దారిలోకి వచ్చి చెయ్యి ఊపింది.

"ఒచ్చేసినాది! గుడ్డలిప్పు మామ్మా. గోక్కోను, ఒట్టు."

నమ్మకం లేకపోయినా ఇప్పాను. రెండు చేతులూ మిషన్‌ను పట్టుకున్నాయి. మొహం జోలికి పోలేదు. ఆ గుడ్డలు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

నవ్వులు విని మా తోడికోడలు గది గుమ్మం దాకా వచ్చింది.

"ఎవులే లోపల?"

"దీని నేస్తం. గడప తొక్కనేదప్పా. ఆళ్ళింట్లోనే ఉన్నాది. ఇందులో కనిపిస్తంది, అంతే."

ఆవిడ అవతలినుంచే మెడ సాచి ఆ బొమ్మను పరకాయించి చూసింది. ఏమంటుందోనని పిల్ల వేళ్ళు ఆగిపోయాయి.

"సరేలే," అంది చివరికి. "ఒచ్చిన గుంటని ఊరకే నిలబెడతారేటి? పండో కాయో పెట్టండి."

మనవరాలు తన తోటలోంచి ఒక పండు కోసి స్నేహితురాలి ముందు పెట్టింది.

ఆ గుడ్డలు మళ్ళీ చుట్టే పని నాకు పడలేదు.