పట్టాలు కనబడని స్టేషన్

1965 చలికాలంలో, వరంగల్‌లో విద్యుత్ శాఖ జూనియర్ ఇంజనీరుగా ఉన్న నన్ను మూడు నెలల డ్యూటీ మీద లెనిన్‌గ్రాడ్ పంపారు. కొత్త విద్యుత్ కేంద్రానికి అక్కడి కర్మాగారంలో తయారవుతున్న జనరేటర్‌ను తనిఖీ చేయడం పని. నా పై అధికారి రాజయ్యగారు, హన్మకొండవాసి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సంతకం ఆయనది, కొలతలు నావి. రోజూ దుబాసీ నీనా మమ్మల్ని కారులో తీసుకెళ్లి, కారులోనే తెచ్చేది. నెల గడిచినా ఆ ఊళ్లో నేను ఒంటరిగా వీధి దాటలేదు.

రోటర్ పరీక్షకు ముందురోజు రాజయ్యగారికి తీవ్రమైన జ్వరం వచ్చి దవాఖానలో చేర్చారు. నీనా ఆయన దగ్గర ఉండక తప్పలేదు. కారు కూడా అక్కడే ఉంది. పరీక్ష ఉదయం ఎనిమిదింటికి. మా తరఫు మనిషి లేకపోతే దాన్ని వాయిదా వేస్తారు, యంత్రం ఓడ ఎక్కడం నెలలు ఆలస్యమవుతుంది. సంతకం అధికారం నాకిస్తూ ఆయన కాగితం రాశారు.

"జర భయమైతది, ఫికర్ చెయ్యకు ప్రభుదాసూ. తప్పిపోతే అడుగు, నోరున్నది గద" అన్నారు.

నీనా ఒక చీటీ మీద కర్మాగారం దగ్గరి మెట్రో స్టేషన్ పేరు రష్యన్‌లో రాసి, ఏడో స్టేషన్‌లో దిగమంది.

తెల్లవారకముందే మంచులో నడిచి, నేల కింద నడిచే ఆ మెట్రో రైలు స్టేషన్‌కు చేరాను. కదిలే మెట్ల మీద నిలబడితే అవి నన్ను దించుతూనే ఉన్నాయి. అడుగు ఎక్కడో కనబడలేదు. కింద పాలరాతి హాలు, రెండు వైపులా గోడలకు ఇనుప తలుపులు. కాజీపేట జంక్షన్ రైళ్ల చప్పుడులో పెరిగిన నాకు పట్టాలు కనబడని స్టేషన్ అంతుపట్టలేదు. అంతలో తలుపులు తెరుచుకున్నాయి, వాటి వెనకే రైలు పెట్టె ఉంది. జనం వెనకే ఎక్కాను.

ఆ ఆశ్చర్యంలో లెక్క తప్పింది. ఒకచోట అందరూ దిగిపోతే నేనూ దిగాను. అది చివరి స్టేషన్. టైము ఏడున్నర. గోడ మీది స్టేషన్ల పట్టిక ముందు నిలబడి, చీటీలోని అక్షరాలను ఒక్కొక్కటే పోల్చుకున్నాను. కింది నుంచి రెండోది సరిపోయింది. ఎర్ర టోపీ పెట్టుకున్న స్టేషన్ ఉద్యోగినికి చీటీ చూపించాను. ఆమె ఒక్క స్టేషనే వెనక్కి అన్నట్టు ఒక వేలు చూపి, ఎదుటి వైపు తలుపుల దగ్గర నిలబెట్టి, రైలు వచ్చేదాకా కదలలేదు.

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా కర్మాగారం గేటు దాటాను.

రోటర్ అంటే జనరేటర్ లోపల తిరిగే భాగం, టన్నుల బరువు. దాన్ని కాంక్రీటు గదిలో బిగించి, మామూలు వేగం కంటే ఐదో వంతు ఎక్కువ వేగంతో రెండు నిమిషాలు తిప్పుతారు. లోపం ఉంటే అక్కడే బయటపడాలి. మేము పక్క గదిలో మీటర్ల ముందున్నాం. మోత చెవికంటే ముందు అరికాళ్లకు తెలిసింది. అంత బరువు అంత వేగంతో తిరుగుతుంటే, కంపనం చూపే ముల్లు హద్దుకు చాలా కిందనే నిలిచింది. నా చేతిలో పెన్సిల్ ఉన్న సంగతి కూడా మరిచాను. తరువాత అంకెలన్నీ మరోసారి సరిచూసుకుని సంతకం పెట్టాను.

సాయంత్రం రాజయ్యగారు అంతా విని, "రేపటికెల్లి నువ్వు మెట్రోల్నే పో" అన్నారు. మిగిలిన రెండు నెలలు అలాగే వెళ్లాను.

తరువాత నా కింద చేరిన ప్రతి కొత్త ఇంజనీరును మొదటిరోజు తోడు లేకుండా ప్లాంటు అంతా తిరిగి రమ్మనేవాణ్ణి. ఎవరో దారి చూపినన్నాళ్లు మనిషి ముందున్న వీపునే చూస్తాడు. పేర్లు, గుర్తులు, మలుపులు ఒంటరిగా నడిచినప్పుడే కంటికి ఆనుతాయి.