గాజుల పైన వాచీ

మొన్న కొత్తకోటలో వనపర్తి బస్సు కోసం నిలబడి ఉంటే, పక్కన సంచి మీద కూర్చున్న ముసలామె నా చేతివైపు చూసి "టైమెంతాయె బిడ్డ?" అని అడిగింది. నాకు ఎంత సంతోషమైందో చెబితే నవ్వుతారు. నన్ను ఎవరైనా టైము అడిగి చాలా కాలమైంది. ఒకప్పుడు వాచీ పెట్టుకుని బస్టాండులో నిలబడితే ఊరందరికీ చుట్టమే. వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ చెప్పి చెప్పి నోరు నొచ్చేది. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఎవరి టైము వాళ్లది. ముసలామెకు టైము చెప్పి, ఎక్కడికి పోతోందో అడిగి, అక్కడ ఎవరున్నారో కనుక్కుని, ఇంకో నాలుగు మాటలు కలుపుదామనుకునేలోగా ఆమె బస్సు వచ్చేసింది. నా బస్సు మాత్రం రాలేదు. రోజూ ఆలస్యంగా వచ్చే బస్సు ఆమె కోసం వేళకు రావడం ఏమి న్యాయమో.

నేను సర్కారు దవాఖానల్లో నర్సుగా పనిచేసి నాగర్‌కర్నూలులో రిటైరయ్యాను. ఇప్పుడు వనపర్తిలో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోయారు కాబట్టి ఆ కథ ఇప్పుడు అక్కర్లేదు. నాకున్న పిచ్చల్లా పాత వాచీలు. నాడి చూడటానికి సెకన్ల ముల్లున్న వాచీ కావాలని ఉద్యోగంలో చేరినప్పుడు మొదటిది కొన్నాను. ఆ తర్వాత ఏ ఊళ్లో డ్యూటీ పడితే ఆ ఊళ్లో, వాచీలు బాగుచేసే దుకాణాల్లో ఎవరూ వచ్చి తీసుకుపోని వాచీలుంటే అడిగి తెచ్చుకునేదాన్ని. మగవాళ్లవీ ఆడవాళ్లవీ అన్నీ కలిసి ఒక బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. పొద్దున్నే డబ్బా మూత తీసి, ఈరోజు ఎవరి వంతు అని చూసి, కీ ఇచ్చి, పెట్టుకుంటాను. పక్కింటామెకు ఇది నచ్చదు. "ఆగిపోయిన వాచీలు ఇంట్ల ఉండొద్దక్కా, మంచిది కాదు" అంటుంది. అన్నీ నడవాలంటే నాకెన్ని చేతులుండాలో మాత్రం చెప్పదు.

కొత్తకోటలో ఆరోజు నా చేతికి ఉన్నది మా చిన్నాయన వాచీ. మాది గద్వాలలో నేతపని చేసే ఇల్లు. నాన్న తొందరగా పోతే, నాన్న తమ్ముడైన చిన్నాయనే నన్ను నర్సు చదువు చదివించాడు. ఆయన ఒకసారి చీరల మూటతో బొంబాయి పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఒక జపాన్ వాచీ కొనుక్కొచ్చాడు. స్టీలు గొలుసు, నీలం రంగు ముఖం. దానికి కీ ఇచ్చే పని లేదు. లోపల సగం బిళ్ల లాంటి బరువొకటి ఉంటుంది. చెయ్యి కదిలితే అది తిరుగుతుంది, అది తిరిగితే స్ప్రింగు చుట్టుకుంటుంది. తీసి పక్కన పెడితే ఒక పగలూ రాత్రీ, ఇంకొంత నడిచి ఆగిపోతుంది. చిన్నాయన దాన్ని అందరిలా ఎడమచేతికి పెట్టుకోలేదు. మగ్గం గుంతలో కూర్చుని, నూలు కండెతో పోయే నాడెను అటూ ఇటూ పంపే తాడును లాగేది కుడిచెయ్యి కాబట్టి కుడిచేతికే పెట్టుకున్నాడు. గద్వాలలో ఆ వాచీకి దొరికినంత పని ఇంకే వాచీకీ దొరికి ఉండదు. అమావాస్యకు మా ఇళ్లల్లో మగ్గం ముట్టరు. ముందురోజు పొద్దుగుంకగానే ఆయన వాచీ కూడా తీసి, మగ్గానికి తగిలించి, దానికో కుంకుమ బొట్టు పెట్టేవాడు. పాడ్యమి పొద్దుటికి అది ఆగిపోయి ఉండేది. ఎవరైనా నవ్వితే, "మగ్గం నడిస్తెనే అది నడుస్తది. అది గూడ మా కులపుదే" అనేవాడు. ఆ మాట నవ్వులాటకు మొదలై, ఏళ్లు గడిచేసరికి నిజంగానే నమ్మకమైపోయింది. వాచీ బాగుంటే మగ్గం బాగుంటుంది, మగ్గం బాగుంటే తాను బాగుంటాడు, అంతే లెక్క.

ఒక వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. నేను సెలవు పెట్టి గద్వాల పోయేసరికి దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారు. మాట కొంచెం ముద్దగా ఉంది కానీ తెలివి బాగానే ఉంది. చచ్చుబడిన చేతికి వాచీ అలాగే ఉంది, ఆగిపోయి. "సూస్తివా బిడ్డ, అది ఆగిపాయె. నా పని గూడ అయిపాయె" అన్నాడు. అన్నం ముద్ద నోట్లో పెడితే మింగడం లేదు. చెయ్యి ఎత్తి దించే ఎక్సర్‌సైజు చేయించబోతే మొహం తిప్పుకుంటున్నాడు. ఇలా నాలుగు రోజులు తిండి మానేసిన మనిషి ఏమవుతాడో నాకు తెలుసు, అట్లాంటివాళ్లను చాలామందిని చూశాను. ఆ చెయ్యి మళ్లీ తాడు లాగదని కూడా తెలుసు. ఏం చెయ్యాలో తోచక, "వాచీకి ఏం కాలేదు చిన్నాయనా, చెయ్యి కదిలిస్తలేవు గనక ఆగింది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకోని లేపు, దించు. మళ్ల నడవకపోతే నన్నడుగు" అన్నాను. సాయంత్రం రాగి జావ తాగాడు. చెయ్యి లేపడం మొదలుపెట్టాడు. అయితే రోజుకు ఆ కాస్త లేపడం దించడంతో వాచీ నడవదని నేనెరుగుదును. నాలుగు రోజులు గడిచాక ఏం చెప్పాలా అని బస్సులో దారి పొడుగునా దిగులు పడుతూ డ్యూటీకి వెనక్కి వచ్చాను.

ఫోన్ చేస్తే చిన్నమ్మ "నడుస్తున్నది బిడ్డ" అంది. మళ్లీ వారం చేసినా అదే మాట. చిన్నాయన తింటున్నాడట, గోడ పట్టుకుని నిలబడుతున్నాడట. ఒక మధ్యాహ్నం చెప్పకుండా పోయాను. చిన్నాయన లోపల మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. చిన్నమ్మ వసారాలో రాట్నం ముందు కూర్చుని పక్కింటి మగ్గం కోసం కండెలకు నూలు చుడుతోంది. రాట్నం తిప్పే చేతికి, మోచేతికి కాస్త కిందగా, చిన్నాయన వాచీ ఉంది. ఆమె చెయ్యి సన్నం, ఆ గొలుసు మగవాళ్లది. జారిపోకుండా గాజులన్నిటినీ కిందికి దింపి, వాటిపైన వాచీ ఎక్కించుకుంది. నన్ను చూసి చెయ్యి కొంగులో దాచుకుంది. ఆమె జన్మలో వాచీ పెట్టుకున్న మనిషి కాదు, టైము చూడటం కూడా సరిగా రాదు.

"ఏంది చిన్నమ్మా గిది?" అన్నాను.

"జర మెల్లగ మాట్లాడు, లేస్తడు. పండుకున్నప్పుడు తీసి పెట్టుకుంట, లేవక ముందే మళ్ల పెడ్త. ఆయన చెయ్యితోనే నడుస్తున్నదనుకుంటుండు. అనుకోనియ్యి."

ఆ తర్వాత బీపీ చూద్దామని నేను మంచం పక్కన కూర్చున్నప్పుడు, చిన్నమ్మ నీళ్లకు పోవడం చూసి, చిన్నాయన గొంతు తగ్గించాడు. "మీ చిన్నమ్మకు చెప్పకు. నాకు ఎర్కే." ఎట్లా తెలిసిందని అడిగితే ఎడమచేత్తో గొలుసు చూపించాడు. "పసుపు అంటుతది బిడ్డ. నేనేమన్న పసుపు దంచుతున్ననా? నిద్ర రాకున్న కండ్లు మూస్త. లేకపోతె ఆమె ఎప్పుడు పెట్టుకోవాలె?" అని వంకరపోయిన మూతితోనే నవ్వాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నిజం చెప్పాలంటే కుళ్లు పుట్టింది. ఎంతోమంది నాడి పట్టుకుని చూశాను కానీ, నేను నిద్రపోయేదాకా కాచుకుని కూర్చునేవాళ్లు గానీ, నాకోసం నిద్ర నటించేవాళ్లు గానీ నాకు లేరు. ఆ పూట వాళ్లింట్లో అన్నం తినకుండానే వచ్చేశాను. ఏదో డ్యూటీ ఉందని చెప్పాను.

ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లే ఉన్నాడు. మగ్గంలోకి దిగలేదు కానీ, గుంత పక్కన కుర్చీ వేసుకుని, నేసేవాళ్లకు తప్పులు పట్టేవాడు. మధ్యాహ్నం కళ్లు మూసుకోవడం, ఆమె వాచీ తియ్యడం అట్లాగే సాగింది. ఒకరోజు తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. నేను చేరేసరికి ఇల్లంతా జనం. చేతినుంచి తీసిన వాచీ చిన్నమ్మ గుప్పిట్లో ఉంది, నడుస్తోంది. ముందురోజు మధ్యాహ్నం ఆమె రాట్నం తిప్పిన బలం అది. చిన్నాయనను తీసుకుపోయారు. ఆడవాళ్లు ఏడ్చి ఏడ్చి అలిసిపోయారు. చిన్నమ్మ మాత్రం ఏడవలేదు, గోడకు ఆనుకుని వాచీని చెవికి పెట్టుకుని కూర్చుంది. మరునాడు తెల్లవారుజామున అది ఆగింది. ఆగాక కిందపెట్టి, అప్పుడు ఏడ్చింది. "ఇప్పుడు పోయిండు బిడ్డ" అంది నాతో. పదోరోజు గాజులు తీసేశాక వాచీ తెచ్చి నాకిచ్చింది. నీ దగ్గరే ఉంచుకో చిన్నమ్మా, పెట్టుకో అన్నాను. ఆమె ఉత్త చెయ్యి చాపి, మోచేతిదాకా ఎక్కించి చూపించింది. గొలుసు జారి నేరుగా వేళ్లదాకా వచ్చింది. "గాజులు లేంది నిల్వది" అంది.

చిన్నమ్మ ఇప్పుడు వడ్డేపల్లిలో కూతురి దగ్గర ఉంటుంది. ఫోన్ చేస్తే ముందు వాచీ నడుస్తున్నదా అని అడుగుతుంది, ఆ తర్వాతే నేనెట్లా ఉన్నానని అడుగుతుంది. నేను దాన్ని తక్కినవాటి కంటే ఎక్కువగానే పెట్టుకుంటాను. రోజంతా ఎవరితో మాట్లాడకపోయినా ఇల్లు ఊడుస్తాను, బియ్యం కడుగుతాను, బట్టలు ఉతుకుతాను, ఆ మాత్రానికే నడుస్తుంది. ఈమధ్య జ్వరమొచ్చి కదలకుండా పడుకుంటే చేతిమీదే ఆగిపోయింది. అది చూసి ఏడుపొచ్చింది, జ్వరానికి కాదు. నేను పోయిన రోజు నా చేతికి ఇదే ఉంటే, నేను పోయాక కూడా ఇంకో పగలో రాత్రో నడుస్తుందని నాకు తెలుసు. చిన్నాయన వాచీ ఆగేదాకా ఒక మనిషి చెవి పెట్టి విన్నది కాబట్టి ఆయన ఒకరోజు ఎక్కువ బతికాడు, నేను మాత్రం పోయిన గడియకే పోతాను.