పంకల విమానంలో మా నానమ్మ

మా కొత్త ఫ్రిజ్‌కు ఓపిక తక్కువ. తలుపు తెరిచి, పెరుగు గిన్నె ఏ అరలో ఉందా అని కాస్త ఆలోచించేలోపే కుయ్‌కుయ్‌మని మొదలుపెడుతుంది. వాషింగ్ మెషిన్ బట్టలు ఉతికినందుకు పాట పాడుతుంది. నేను బెల్టు పెట్టుకోలేదన్న సంగతి కారు వీధంతటికీ చెబుతుంది. ఇన్ని మోతల మధ్య దేనికి భయపడాలో, దేన్ని వదిలెయ్యాలో మనిషికి తెలియకుండా పోయింది. ఆ రోజుల్లో మా మట్టెవాడ ఇంట్లో మోగేవి రెండే: కుక్కరు, మా బాపు. (మావైపు నాన్నను బాపు అంటాం.) విజిల్ వచ్చేదాకా ఆగకుండా రెండింటి దగ్గరా ముందే జాగ్రత్తపడేవాళ్ళం. మూడో మోతను ఇంట్లోకి తెచ్చిన ఘనత మాత్రం నాదే.

అప్పటికి నా ఇంజనీరింగ్ పూర్తయింది. ఉద్యోగం నన్ను వెతుక్కుంటూనే ఉంది గానీ పాపం దానికి మా ఇల్లు దొరకలేదు. కింద బాపు స్టీలు సామాన్ల దుకాణం, పైన మేము. ఆ పై గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని నేను రోజూ విమానం నడిపేవాణ్ణి. పెద్ద జెట్ కాదు, రెక్కకొక పంక ఉండే చిన్న రకం. (నిరుద్యోగి అన్నాక కొంత అణకువ ఉండాలి.) గాల్లోకి లేపడం తొందరగానే పట్టుబడింది. చిక్కంతా ఆ తర్వాత మోగేవాటితో. ఎర్రదీపంతో పాటు గంట మోగితే ఒక అర్థం, పసుపు దీపంతో మోగితే ఇంకో అర్థం. వేగం మరీ తగ్గి విమానం పడిపోబోతుంటే మాత్రం గంటా కాదు, దీపమూ కాదు, అచ్చం కీచురాయి అరిచినట్టు అరిచేది. అది నా విమానంలో అస్తమానం ఎందుకు అరుస్తోందో తెలుసుకోవడానికి నేను లావుపాటి మాన్యువల్ తిరగేస్తుంటే, అమ్మ ఆ సమస్యను తన పద్ధతిలో పరిష్కరించింది. బల్ల వెనక పురుగుల మందు కొట్టి, "ఇగ అరవది తియ్" అన్నది. నిజంగానే ఆరోజు అరవలేదు. తుమ్ములతో నేను విమానం ఎక్కితే కదా.

అలాంటి రోజుల్లో నానమ్మ తిరుపతి మొక్కు సంగతి ముందుకొచ్చింది. మోకాళ్ళ నొప్పులతో రాత్రంతా రైల్లో కూర్చోలేక ఎప్పటికప్పుడు వాయిదా పడుతున్న మొక్కు. ఈసారి కూడా తప్పితే ఇక ఆమె కొండెక్కలేదని అందరికీ తెలుసు. బాపు హైదరాబాద్ నుంచి విమానం టికెట్లు చేయించాడు. తీరా చూస్తే అది నేను నడిపే రకం పంకల విమానమే. ఆ మాట విని నానమ్మ మంచం దిగలేదు. "నడుమల పంక ఆగితే? మనింట్ల పంకనే ఊకె ఆగుతాంది" అన్నది. అప్పుడు బాపు నావైపు తిరిగాడు. "అరేయ్, పొద్దంత ఆ డబ్బల విమానం నడుపుతనే ఉంటవ్ గద. జర నానమ్మకు సూపియ్, భయం పోతది." నా విద్యకు మా ఇంట్లో దొరికిన మొదటి పని అది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నానమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, శంషాబాద్ నుంచి బయలుదేరాను. ఆమె నా భుజం పట్టుకున్నది. విమానం లేచింది. మబ్బులు వచ్చాయి. కాసేపటికి పట్టు వదులైంది. "మంచిగనే ఉన్నది కొడుకా, దూదిల పోయినట్టున్నది" అన్నది. పని అయిపోయింది, అక్కడితో దించేస్తే సరిపోయేది. కానీ ఆమె "మనూరు అగుపిస్తదా?" అని అడిగింది. అడిగాక పైలట్ ఊరుకుంటాడా? "ఊరేంది నానమ్మా, మనం తాగే నీళ్ళే సూపిస్త" అని ధర్మసాగర్ చెరువు వైపు తిప్పి కిందికి దించసాగాను. సరిగ్గా అప్పుడే మొదలైంది: కీక్... కీక్... కీక్...

నాకు తెలిసిన మోతల్లో అది లేదు. నూనె చూశాను, తలుపులు చూశాను, బ్యాటరీ చూశాను. అన్నీ బాగున్నాయి.

"అదేందిరా?"

"ఏం లేదు నానమ్మా, చిన్న గంట."

"చిన్నదైతే గంతగనం ఎందుకు కొడ్తాంది?"

నేను తెరలో పైలట్ నెత్తిమీది మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూస్తున్నాను. ముందు చూడాల్సినవాడు పైన చూస్తుంటే విమానం మాత్రం ఏం చేస్తుంది, ముక్కు కిందికి వంచింది. దిగే వేగం మించిందని "సింక్ రేట్!" అని అరిచింది. "సింకుకేమాయెరా?" అని వంటింట్లోంచి అమ్మ. నేను జవాబిచ్చేలోపు విమానం గొంతు పెంచింది: "టెరైన్! టెరైన్!" నానమ్మ నిటారుగా కూర్చున్నది. నేను చేతిలోని జాయ్‌స్టిక్ కర్ర వెనక్కి లాగాను. కీచురాయి అందుకున్నది. నానమ్మ ఒక్కసారి "గోవిందా" అన్నది. తెర నల్లబడింది. కీక్ కూడా ఆగిపోయింది.

నానమ్మ మెల్లగా అడిగింది. "దిగినమా?"

"దిగినం నానమ్మా."

(ఎలా దిగామో ఆమె అడగలేదు.)

అమ్మ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చింది. "కరెంట్ పోయి శానసేపాయె. బల్ల కింద ఆ యూపీఎస్ డబ్బ మొత్తుకుంటనే ఉన్నది, ఇనవడ్తలేదారా?" చలికాలం, గదిలో ఫ్యాన్ వెయ్యలేదు, నేనేమో ఆకాశంలో ఉన్నాను. ఎలా తెలుస్తుంది?

బాపు దుకాణంలోంచి పైకొచ్చి, ఆశగా వాళ్ళమ్మతో, "ఎట్లున్నది అవ్వా?" అన్నాడు.

"విమానం మంచిది బిడ్డా. అబద్ధం ఆడది. 'ట్రైన్, ట్రైన్' అని నోరు దెరిచి చెప్పింది. నేను ట్రైన్లనే పోత."

"అది ట్రైన్ కాదు నానమ్మా, టెరైన్. అంటే... కింద గుట్ట అడ్డం వచ్చిందని."

వివరణ ఇవ్వకూడని చోట్లు కొన్ని ఉంటాయి. బాపు నన్ను ఎగాదిగా చూశాడు. "గుట్టకు గుద్దినవా?"

"తెల్వది బాపు. చెరువుల గుడ పడ్డదేమో. కరెంట్ పోయింది."

బాపు మంచం మీద కూలబడ్డాడు. మొక్కు, టికెట్లు, ఆమె మోకాళ్ళు, అన్నీ ఆ చెరువులోనే పడ్డట్టున్నాయి. నానమ్మ మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నది. "ఆ దినం గుడ ఈడే నడుపుతడా?" అని అడిగింది.

"ఈనికెవడిస్తడే అవ్వా! నేను స్కూటరే ఇయ్య."

"గట్లనా?" అని ఆమె మోకాళ్ళు నిమురుకున్నది. "అయితే పోదం తియ్."

మాన్యువల్ మొత్తం చదివితే ఏ మోతకూ భయపడనక్కర్లేదని నమ్మిన ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలచుకుంటే ముద్దొస్తాడు. నానమ్మకు తోడుగా నన్నే పంపారు. నిజం విమానం లేవగానే కింద ఏదో దబ్బుమంది, పైన టింగ్‌మంది, పంకల హోరు మారింది. వాటిలో ఒక్కోదానికి నాకు నాలుగేసి అర్థాలు తెలుసు. నానమ్మకు ఒక్కటీ తెలియదు. కిటికీకి ముక్కు ఆనించి మబ్బులు చూస్తున్నది. నేను రెండు చేతులతో సీటు పట్టుకుని, పైన ఏ దీపం వెలుగుతోందా అని చూస్తుంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి వంగి, "అమ్మా, సార్‌కు ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది.

నానమ్మ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.

"మంచిగనే ఉన్నడు బిడ్డా. మొన్న ఇంట్ల ఒకటి కూలగొట్టిండు, గంతే."