కూలిన గోడల కోసం

రెండేళ్ళ కిందట ఏప్రిల్‌లో, ఇస్లాం రాకముందు నాటి పురాతనమైన గుడి శిథిలాలు చూద్దామని షార్జా నుంచి ఉమ్ అల్ క్వైన్‌కు సైకిల్ మీద బయలుదేరాను. పది గంటలకే నీళ్ళు అయిపోయి, కళ్ళు తిరిగి, “అమ్మా” అంటూ రోడ్డు పక్కన కూలబడ్డాను.

ఆ మూలుగు విని, ఎదురుగా ప్రహరీ కడుతున్న మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. నీడకు నడిపించి చల్లటి మజ్జిగ సీసా చేతికిచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, పేరు రాజన్న.

“సైకిలేంది తమ్మీ? మీ కంపెనీ ముదీర్ ఏమన్న శిక్ష ఏసిండా?”

“లేదన్నా, సరదాకే. పాత గుడి గోడలు చూద్దామని.”

“నిలవడ్డయా, కూలినయా?”

“చాలావరకు కూలిపోయాయి.”

ఆయన పడీపడీ నవ్వాడు. “పన్నెండేండ్ల సంది ఈడ గోడలు కడుతున్న. ఒక్కడు సూడనీకి రాలే. నువ్వు కూలినయి సూడనీకి పానం మీదికి తెచ్చుకున్నవ్!”

“అయితే మీ గోడ చూపించన్నా.”

నవ్వు ఆపి, చేతులు తుడుచుకుని ముందు నడిచాడు. గోడ తిన్నగా ఉందో లేదో చెప్పే రసమట్టం దాని మీద పెట్టి, “బుడగ నడుమనే ఉన్నది, సూడు” అన్నాడు. వంగి, శ్రద్ధగా చూశాను.

ఎండ తగ్గాక శిథిలాల దగ్గరికి వెళ్ళాను. అది ఏ రాజు కాలానిదో అక్కడి బోర్డు మీద చదవకుండా, రాళ్ళ వరస తిన్నగా ఉందా అని ఒక కన్ను మూసి చూస్తూ నిలబడ్డాను.