గది బయట కూర్చున్న సెక్రటరీ

కోవిడ్‌కు రెండేళ్ల ముందు, జనవరిలో, కెనడాలోని బర్నబీలో నేను పనిచేసే కాలేజీవారు నన్ను అడ్మిషన్ల కమిటీకి సెక్రటరీగా వేశారు. ఓటు లేని పదవి. ఎజెండా సిద్ధం చేయడం, మినిట్స్ రాయడం, ఎవరైనా నియమం తప్పితే కమిటీ అధ్యక్షురాలు, అంటే చైర్ చెవిన వేయడం నా పని. నోరు మూసుకుని కూర్చోవడానికి జీతమిచ్చే ఉద్యోగం అని మా ఆయన వెక్కిరించేవారు.

స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి వచ్చే పిల్లలకు సీట్లు ఇస్తూనే ఉన్నాం. బర్నబీ బడిలోనే చదువుకున్నా, తల్లిదండ్రుల వర్క్ పర్మిట్ ముగిసి, దేశంలో ఉండే హక్కు, అంటే స్టేటస్ పోయిన పిల్లలకు మాత్రం అప్లికేషన్ దగ్గరే తలుపు మూసేసేవాళ్లం. ఈ నిబంధన తీసేయాలని విద్యార్థి సంఘం ఉద్యమం మొదలుపెట్టింది. సంఘం తరఫున కమిటీలో ఉన్నవాడు రాకేశ్, కరీంనగర్ కుర్రాడు. చదువుకుంటూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేసేవాడు. నీకు స్టడీ పర్మిట్ ఉందిగా, ఈ తలనొప్పి ఎందుకయ్యా అని ఒకసారి అడిగాను.

“ఉన్నోళ్లమే అడగాలె మేడం. లేనోళ్లు అడిగితే దొరికిపోతరు” అన్నాడు.

ఆ నిబంధన తీసేసే తీర్మానం మే నెల మీటింగుకు వచ్చింది. అప్పుడు తప్పితే సెప్టెంబరు అడ్మిషన్లకు అందదు. ఆ ముందు ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో రత్నకుమారి లేచి నిలబడింది. భీమవరం వైపు మనిషి, నాకు చెల్లెలి లాంటిది. తమకు స్టేటస్ పోయిందనీ, కూతురు కెజియాకు మా కాలేజీలో బయాలజీ సీటు కావాలనీ, బుధవారం కమిటీవాళ్ల మనసు మెత్తబడేలా ప్రార్థించమనీ కన్నీళ్లతో అడిగింది. చర్చంతా ఆమెన్ అంది.

ఆరాధన అయ్యాక ఆమెను పక్కకు లాగి, ఇంతమందిలో ఆ మాట బయటపెడతారా ఎవరైనా అని కసిరాను.

“దేవుడి దగ్గర దాచిపెట్టి ప్రార్థన ఎలా అడగమంటావక్కా?” అంది.

మా నియమం ఇదీ: చర్చకు వచ్చే అంశం వల్ల మనకు తెలిసినవాళ్లకు లాభముంటే, ముందే చైర్‌కు చెప్పి ఆ కాసేపు గది బయట ఉండాలి. చెబితే, సెక్రటరీ లేదన్న వంకతో ఆవిడ అంశాన్ని వాయిదా వేయవచ్చు. వేస్తే కెజియాకు ఏడాది పోయినట్టే. చెప్పకపోతే కాలేజీలో ఎవరికీ తెలియదు. కానీ ఆదివారం ఆమెన్ అన్నవాళ్లందరికీ తెలుసు. చివరికి మంగళవారం, పేర్లు చెప్పకుండా, నాకు తెలిసిన కుటుంబం ఒకటుందని చైర్‌కు చెప్పేశాను. ఆవిడ మినిట్స్ తన అసిస్టెంట్ రాస్తుందనీ, అంశం వాయిదా పడదనీ అన్నారు. సగం బరువు దిగింది.

బుధవారం ఆ అంశం రాగానే లేచి బయటికొచ్చాను. వరండాలో ప్లకార్డులతో నేల మీద కూర్చున్న విద్యార్థులు నాకో కుర్చీ తెచ్చి వేశారు. వాళ్లలో మా చర్చి పిల్లలూ ఉన్నారు. ఒక్కరూ కెజియా పేరెత్తలేదు. ఇరవై ఏళ్ల పిల్లలకు నోరు ఆగదనుకునేదాన్ని, వాళ్లే నాకు బుద్ధి చెప్పారు.

తలుపు తెరుచుకుంది. రాకేశ్ వచ్చి, “పాసయింది మేడం” అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నా హోదా సంగతి మరిచిపోయి పక్కనున్న అమ్మాయిని గట్టిగా కావలించుకున్నాను.

సెప్టెంబరులో కెజియా బయాలజీలో చేరింది. ఆ చలికాలంలో ఒక కమిటీ సభ్యుడు తీర్మానాన్ని తిరగదోడబోయాడు. సెక్రటరీకి కావలసినవాళ్లే దీనివల్ల బాగుపడ్డారని ఎక్కడో విన్నాడట. సెక్రటరీ నాకు ముందే చెప్పారు, ఆ సమయంలో గదిలో లేరు అని చైర్ జవాబిచ్చారు. ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది.

మనవాళ్లకు మేలు చేయాలని నియమాన్ని దాటేసే ఉద్యోగి, ఆ మేలునే కూలదోసే వీలు ఇతరుల చేతికిస్తాడు. ఆ బుధవారం నేను గదిలోనే కూర్చుని ఉంటే, ఆ చలికాలంలో కెజియా రెండో టర్ము క్లాసులో ఉండేది కాదు.