మూడో వలయం

పరిశోధన సంస్థలో కొత్త పదార్థాలు తయారుచేసేది వదిన, వాటి గుణాలు కొలిచేది మరదలు. ఇల్లు ఒకటే, పనిగదులు వేరు. వదినకు ద్రవ స్ఫటికాలంటే ప్రాణం. నీళ్లలా పారుతూనే, పుల్లల్లాంటి అణువులన్నీ ఒకే దిక్కుకు వాలి ఉండే ఆ మసక ద్రవాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని నిలబడితే ఆవిడకు లోకం గుర్తుండేది కాదు. "మా ఆవిడ సీసాలో కాపురం పెట్టింది" అనేవాడు భర్త.

ఆ వానాకాలమంతా ఆవిడ ఒక్క అణువు మీదే కూర్చుంది. పాతదాని నడుములో పరమాణువుల వలయాలు రెండుండేవి. ఇప్పుడు మూడోది అతికించింది.

మరదలు దాన్ని రెండు గాజుపలకల మధ్య, వెంట్రుకకన్నా సన్నని సందులో నింపి, అటూ ఇటూ దిశ మారే విద్యుత్తు పెట్టింది. మార్పుల వేగం పెంచుతూ పోయింది. పాత అణువులు సెకనుకు లక్షల మార్పులకు కూడా తోడుగా తిరిగేవి. కొత్తవి వేలల్లోనే చేతులెత్తేశాయి.

"ఏమనుకోకు వదినా, ఇందులో ఏదో కల్తీ ఉంది."

"నా చేతి సరుకులో కల్తీయా? నీ మిషనుకే జలుబు చేసుంటుంది!"

వదిన మూతి ముడుచుకుంది. పదార్థాన్ని మళ్లీ శుద్ధి చేసి, బల్లమీద పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయింది. భోజనాల దగ్గర మరదలి పక్కనున్న ఉప్పు కావాలన్నా భర్తచేతే అడిగించింది.

"నన్నొక టెలిఫోను చేసిపెట్టారు" అని గొణిగాడాయన.

రెండోసారీ అదే ఫలితం. మరదలు వచ్చి వదిన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "నువ్వే చూడు."

సూక్ష్మదర్శినిలో అంతా చీకటి. అణువులు నిటారుగా నిలబడ్డాయి; అలా నిలబడితే అందులో వెలుగు కనపడదు, వాలితేనే రంగులొస్తాయి. మరదలు మార్పుల వేగం పెంచగానే నీలం, ఊదా, పసుపు నెమ్మదిగా విచ్చుకున్నాయి.

"కల్తీ కాదే పిల్లా" అంది వదిన. "పొడుగెక్కువైంది. ఇంత కిక్కిరిసిన గుంపులో తలకిందులు కావాలంటే పక్కవాళ్లు చోటివ్వాలి కదా? తన చుట్టూ తాను తిరగడమైతే తేలికే. వేగం పెరిగితే నిలువుగా లాగే పట్టు పోయి, పక్కకు లాగేదే మిగులుతుంది."

"అందుకేనన్నమాట, వేగం పెరిగితే నిలబడటం మానేసి పడుకుంటోంది! పాతదాన్ని లేపగలిగేవాళ్లం, అది తనంతట తాను వాలేదాకా ఎదురుచూసేవాళ్లం. ఇది లెమ్మంటే లేస్తుంది, పడుకోమంటే పడుకుంటుంది. తప్పు నాదే వదినా, లెంపలేసుకుంటున్నా."

ఆ మాట వదినకు వినపడిందో లేదో. "ఉండవే, ఇంకొక్కసారి పడుకోబెట్టు" అంది, కన్ను తియ్యకుండానే. బయట వాన వెలిసింది. ఆవిడ చూపు మాత్రం, మళ్లీ తేలి వస్తున్న ఊదారంగు వెంట ఎటో వెళ్లిపోయింది.